కటకంతో స్పష్టమైన ప్రతిబింబం: గాజులో కిరణం వంగడం నుంచి నాభ్యాంతరం కొలిచే దాకా

సూత్రం కంఠతా వచ్చు, కిరణ చిత్రం కూడా గీయగలరు. తీరా కటకం చేతికిచ్చి తెర మీద బొమ్మ పడేలా చేయమంటే, చాలామందికి తెల్లటి మసక మచ్చ తప్ప ఏమీ కనబడదు. పొరపాటు ఎక్కడ జరుగుతోందని పదే పదే అడుగుతున్నారు కాబట్టి మొదటి నుంచి వరసగా రాస్తున్నాను.

ఒక్క విషయం మనసులో ఉంచుకుని మొదలుపెట్టండి. బొమ్మను తెర తయారు చేయదు. వస్తువు మీద ఒక్కో బిందువు నుంచి కిరణాలు అన్ని వైపులకూ బయల్దేరతాయి. వాటిలో కటకం మీద పడ్డవి గాజులో వంగి, అవతల మళ్లీ ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. ఆ కలిసే చోటు ఎక్కడుందో వెతికి తెరను అక్కడికి చేర్చడమే మన పని. కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ వెతుకులాటను తేలిక చేయడానికే.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- నాభ్యాంతరం (చాలా దూరంలోని వస్తువు బొమ్మ కటకం నుంచి ఎంత దూరంలో పడుతుందో ఆ దూరం) 10 నుంచి 20 సెంటీమీటర్ల మధ్య ఉన్న కుంభాకార కటకం, అంటే మధ్యలో ఉబ్బెత్తుగా ఉండేది. భూతద్దం కూడా సరిపోతుంది.
- కటకాన్ని నిటారుగా నిలబెట్టే స్టాండు. లేకపోతే గట్టి మైనం ముద్ద.
- ఎల్‌ఈడీ టార్చి.
- వస్తువుగా వాడటానికి అక్షరం కోసిన అట్ట, దాని వెనక అంటించడానికి ట్రేసింగ్ పేపరు.
- తెరగా తెల్ల కాగితం అంటించిన అట్ట.
- మీటరు స్కేలు లేదా టేపు.
- దీర్ఘచతురస్రాకారపు గాజు దిమ్మె, నాలుగు గుండుసూదులు, కోణమానిని, డ్రాయింగ్ బోర్డు.
- కటకం తుడవడానికి మెత్తటి నూలు బట్ట.

వస్తువు విషయంలో కాస్త శ్రద్ధ పెట్టండి. చాలామంది బాణం గుర్తు కోస్తారు. బాణం తలకిందులైతే తెలుస్తుంది కానీ కుడి ఎడమలు మారితే తెలియదు. ప్రతిబింబంలో రెండూ మారతాయి. అందుకే రెండు వైపులా పోలిక లేని అక్షరం కోయండి. 'గ' బాగా పనికొస్తుంది. తలకట్టు వల్ల కుడి ఎడమలు తెలుస్తాయి, కింద తెరుచుకుని ఉంటుంది కాబట్టి పైకిందులూ తెలుస్తాయి. పైగా లోపల మూసుకున్న వలయం లేదు. 'ర' కోయబోతే మధ్య ముక్క ఊడి చేతికి వస్తుంది. అక్షరం ఎత్తు 2 సెంటీమీటర్లు చాలు.

ట్రేసింగ్ పేపరు తప్పనిసరి. అది లేకపోతే టార్చి వెలుగు ఒకే దిశలో దూసుకుపోయి కటకంలో చిన్న భాగం మీదే పడుతుంది. అక్షరానికి బదులు తెర మీద ఎల్‌ఈడీ బొమ్మ కనబడి తికమక పెడుతుంది. పేపరు అంటిస్తే అక్షరంలోని ప్రతి బిందువూ అన్ని వైపులకూ వెలుగు చిమ్ముతుంది.

జాగ్రత్త: కటకం గుండా సూర్యుణ్ణి ఎప్పుడూ చూడకండి, కంటికి శాశ్వతంగా దెబ్బ తగులుతుంది. పని అయ్యాక కటకాన్ని ఎండ పడే చోట వదలకండి. ఎండ కేంద్రీకరించే చోట కాగితమో బట్టో ఉంటే అంటుకుంటుంది.

## 2. మొదట గాజు దిమ్మెతో కిరణం వంగడాన్ని చూడండి

తొందరలో ఈ మెట్టును దాటేసేవాళ్లే ఎక్కువ. కానీ కటకంలో జరిగేదంతా ఇదే. ఇక్కడ అర్థమైతే తర్వాత దేన్నీ బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

1. బోర్డు మీద కాగితం పరచి, దిమ్మె పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీయండి. దిమ్మె తీసేయండి.
2. పొడవైన అంచు మీద ఒక బిందువు గుర్తించి, అక్కడ అంచుకు లంబం గీయండి.
3. లంబంతో 30 డిగ్రీల కోణం చేసేలా ఒక రేఖ గీయండి. ఇదే పతన కిరణం, ఆ కోణమే పతన కోణం.
4. ఆ రేఖ మీద రెండు సూదులు కనీసం 5 సెంటీమీటర్ల ఎడంతో నిటారుగా గుచ్చండి.
5. దిమ్మెను మళ్లీ గీత మీద సరిగ్గా అమర్చండి. అవతలి అంచు వైపు నుంచి దిమ్మె గుండా చూస్తూ, నాలుగు సూదులూ ఒకే వరసలో కనబడేలా ఇంకో రెండు సూదులు గుచ్చండి.
6. దిమ్మె తీసి, రెండో జత సూదుల రేఖను అంచు దాకా పొడిగించండి. కిరణం గాజులోకి వెళ్లిన బిందువునూ బయటికి వచ్చిన బిందువునూ కలపండి. గాజులో కిరణం నడిచిన దారి అదే.
7. గాజులోని కిరణం లంబంతో చేసే కోణం కొలవండి. ఇది వక్రీభవన కోణం.

సూదుల తలలు చూడకండి, మొదళ్లు చూడండి. సూది కొంచెం వాలినా తల పక్కకు జరుగుతుంది, మొదలు మాత్రం కాగితం మీద ఉన్నచోటే ఉంటుంది.

వక్రీభవన గుణకం (గాజు కిరణాన్ని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) 1.5 ఉన్న గాజుకు ఈ కొలతలు రావాలి:

- పతన కోణం 30 డిగ్రీలైతే వక్రీభవన కోణం సుమారు 19.5
- పతన కోణం 45 అయితే సుమారు 28
- పతన కోణం 60 అయితే సుమారు 35

పతన కోణం సైన్ విలువను వక్రీభవన కోణం సైన్ విలువతో భాగించండి. మూడింటికీ దాదాపు ఒకే సంఖ్య వస్తుంది. అదే వక్రీభవన గుణకం. మామూలు గాజుకు 1.5 దగ్గర్లో ఉంటుంది. శూన్యంలో సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు వెళ్లే కాంతి ఈ గాజులో సుమారు 2 లక్షల కిలోమీటర్లే వెళ్తుందని ఈ సంఖ్యకు అర్థం. వేగం తగ్గడం వల్లే ఏటవాలుగా వచ్చిన కిరణం లంబం వైపు వంగుతుంది.

ఫలితం తేడాగా వస్తే ఇలా పట్టుకోండి:

- 1 కంటే తక్కువ వస్తే, కోణాన్ని లంబం నుంచి కాకుండా గాజు అంచు నుంచి కొలిచారు.
- రుణ సంఖ్యో, ఏదో వింత విలువో వస్తే, ఫోన్‌లో కాలిక్యులేటర్ రేడియన్లలో ఉంది. సైన్ 30 కొట్టి చూడండి, 0.5 రావాలి.
- మూడు కోణాలకూ మూడు వేరు వేరు విలువలు వస్తే, దిమ్మె మధ్యలో కదిలింది. కొత్త కాగితంతో మళ్లీ చేయండి.

దిమ్మె నుంచి బయటికి వచ్చిన కిరణం లోపలికి వెళ్లిన కిరణానికి సమాంతరంగా ఉంటుంది, కాస్త పక్కకు జరుగుతుందంతే. రెండు తలాలూ సమాంతరంగా ఉండటమే కారణం.

## 3. దిమ్మె నుంచి కటకానికి

కటకంలో ఆ రెండు తలాలు సమాంతరంగా ఉండవు. అందుకే మొదటి తలం దగ్గర వంగిన కిరణం రెండో తలం దగ్గర తిరిగి పాత దిశకు రాకుండా ఇంకాస్త వంగుతుంది. గాలిలో ఎప్పుడూ గాజు మందంగా ఉన్న వైపుకే వంగుతుంది. కుంభాకార కటకంలో మందం మధ్యలో ఉంటుంది కాబట్టి కిరణాలు అక్షం వైపు, అంటే కటకం మధ్య గుండా దానికి లంబంగా వెళ్లే రేఖ వైపు వస్తాయి. పుటాకార కటకంలో మందం అంచుల్లో ఉంటుంది కాబట్టి విడిపోతాయి.

సరిగ్గా మధ్యలో మాత్రం రెండు తలాలూ దాదాపు సమాంతరమే. అక్కడ పడ్డ కిరణం దిమ్మెలో లాగే దిశ మారకుండా వెళ్తుంది. మధ్య నుంచి అంచుకు వెళ్లేకొద్దీ తలాల వాలు పెరుగుతుంది, వంపూ పెరుగుతుంది. దూరంగా పడ్డ కిరణం ఎక్కువ వంగాలి, దగ్గర పడ్డది తక్కువ వంగాలి. అప్పుడే అన్నీ ఒక చోట కలుస్తాయి. గోళాకార తలం ఈ పనిని పూర్తి కచ్చితంగా కాకపోయినా చాలావరకు చేస్తుంది.

వంపు గాజును మాత్రమే బట్టి ఉండదు, చుట్టూ ఉన్న యానకాన్నీ (గాలి, నీరు లాంటి పదార్థాన్ని) బట్టి ఉంటుంది. గాలిలో 15 సెంటీమీటర్ల నాభ్యాంతరం ఉన్న 1.5 గుణకం కటకాన్ని నీళ్లలో ముంచితే నాభ్యాంతరం దాదాపు 60 సెంటీమీటర్లు అవుతుంది. భూతద్దాన్ని నీళ్లలో పెట్టి, అడుగున ఉన్న అక్షరాన్ని చూడండి, పెద్దగా కనబడటం బాగా తగ్గిపోతుంది.

## 4. అన్నిటికంటే ముందు నాభ్యాంతరం ఉజ్జాయింపుగా కనుక్కోండి

నా దృష్టిలో ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే సగం ప్రయోగాలు చెడిపోతున్నాయి. నాభ్యాంతరం తెలియకుండా వస్తువును ఎంత దూరంలో పెట్టాలో నిర్ణయించలేం.

1. గదిలో లైట్లు ఆర్పి, కిటికీకి ఎదురుగా నిలబడండి.
2. కిటికీలోంచి దూరంగా కనబడే చెట్టునో భవనాన్నో ఎంచుకోండి. కనీసం 20 మీటర్ల దూరం ఉండాలి.
3. కటకాన్ని దానివైపు తిప్పి, వెనక తెరను ముందుకూ వెనక్కూ జరపండి.
4. తలకిందులైన చిన్న బొమ్మ స్పష్టంగా పడినచోట ఆపి, కటకం మధ్య నుంచి తెర దాకా దూరం కొలవండి.

కిటికీ చట్రాన్నే వస్తువుగా తీసుకోవడం ఇక్కడ తరచూ జరిగే తప్పు. 15 సెంటీమీటర్ల కటకానికి వస్తువు 20 మీటర్ల దూరంలో ఉంటే వచ్చే తేడా సుమారు 1 మిల్లీమీటరు. అదే 2 మీటర్ల దూరంలోని కిటికీ చట్రమైతే బొమ్మ 16.2 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. సెంటీమీటరు పైనే తప్పు.

స్పష్టత ఎక్కడుందో ఒకేసారి తేల్చకండి. తెరను బొమ్మ మసకబారే దాకా ముందుకు తీసుకెళ్లి ఆ స్థానం గుర్తించండి. తర్వాత అంతే మసకబారే దాకా వెనక్కి తీసుకెళ్లి గుర్తించండి. రెండింటి మధ్య బిందువును తీసుకోండి. కంటి అంచనా కంటే ఇది నమ్మకమైనది.

## 5. అమరిక సరిచూడండి

- అక్షరం మధ్య భాగం, కటకం మధ్య భాగం, తెర మధ్య భాగం మూడూ ఒకే ఎత్తులో ఉన్నాయా?
- కటకం తలం, తెర రెండూ స్కేలుకు లంబంగా ఉన్నాయా?
- కటకం మీద వేలిముద్రలు లేవు కదా?
- గదిలో బయటి వెలుగు తక్కువగా ఉందా?
- దూరం కొలిచేది కటకం మధ్య నుంచేనా, లేక స్టాండు అంచు నుంచా?

అమరిక బాగుందో లేదో తెలుసుకోవడానికి కటకాన్ని స్కేలు వెంబడి జరిపి, స్పష్టమైన బొమ్మ పడేలా తెరను కూడా సరిచేయండి. రెండు మూడు చోట్ల ఇలా చూసినప్పుడు బొమ్మ మధ్య భాగం తెర మీద ఒకే చోట ఉండాలి. పైకో పక్కకో పాకుతుంటే కటకం మధ్య గీతలో లేదని అర్థం.

## 6. వరసగా ప్రతిబింబాలు పట్టండి

ఉజ్జాయింపు నాభ్యాంతరం 15 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. వస్తువును దూరం నుంచి దగ్గరికి ఈ క్రమంలోనే తీసుకురండి. బొమ్మ ఎటు జరుగుతోందో, ఎలా పెరుగుతోందో ఈ క్రమంలో చేస్తేనే కంటికి తెలుస్తుంది.

- వస్తువు 45 సెంటీమీటర్ల దూరంలో: బొమ్మ 22.5 దగ్గర, సగం పరిమాణంలో, తలకిందులుగా.
- 30 దగ్గర: బొమ్మ కూడా 30 దగ్గరే, అంతే పరిమాణంలో.
- 20 దగ్గర: బొమ్మ 60 దగ్గర, మూడు రెట్లు పెద్దగా, వెలుగు తగ్గి.
- 15 దగ్గర: కిరణాలు సమాంతరంగా వెళ్లిపోతాయి, తెర మీద బొమ్మ పడదు.
- 10 దగ్గర: తెర మీద ఏమీ రాదు. తెర తీసేసి కటకం గుండా చూడండి, మూడు రెట్లు పెద్దదైన నిటారు బొమ్మ కనబడుతుంది. ఇది మిథ్యా ప్రతిబింబం, వస్తువు ఉన్న వైపే 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు తోస్తుంది.

"ఎంత జరిపినా బొమ్మ రావడం లేదు" అనేవాళ్లలో ఎక్కువమంది వస్తువునూ తెరనూ ఒకచోట బిగించి, మధ్యలో కటకాన్ని జరుపుతుంటారు. వస్తువుకూ తెరకూ మధ్య దూరం నాభ్యాంతరానికి నాలుగు రెట్ల కంటే తక్కువ ఉంటే నిజ ప్రతిబింబం, అంటే తెర మీద పట్టగల బొమ్మ, పడనే పడదు. 15 సెంటీమీటర్ల కటకానికి ఆ హద్దు 60. మీరు 50 దగ్గర పెట్టి గంటసేపు ప్రయత్నించినా ఫలితం ఉండదు. తెరను ఇంకాస్త వెనక్కి జరపండి.

ఇక్కడే ఇంకో చిన్న పని చేయండి. వస్తువు 30 దగ్గర ఉన్నప్పుడు బొమ్మ స్పష్టంగా పడ్డాక తెరను తీసేసి, ఆ స్థానానికి ఓ అర మీటరు వెనక నుంచి కటకం వైపు చూడండి. తెర లేకున్నా తలకిందులైన అక్షరం గాలిలో నిలబడి కనబడుతుంది. కనబడకపోతే తల కొంచెం అటూ ఇటూ జరపండి.

## 7. కిరణ చిత్రం గీసే క్రమం

1. ప్రధానాక్షం గీసి, కటకాన్ని ఒక నిలువు రేఖగా చూపండి. రెండు వైపులా అక్షం మీద నాభ్యాంతరం దూరంలో ఉండే బిందువులను, అంటే నాభులను గుర్తించండి. స్కేలు ముందే నిర్ణయించుకోండి.
2. వస్తువు కొన నుంచి అక్షానికి సమాంతరంగా ఒక కిరణం గీయండి. కటకం దాటాక అది అవతలి నాభి గుండా వెళ్లాలి.
3. అదే కొన నుంచి దృక్ కేంద్రం (కటకం మధ్య బిందువు) గుండా తిన్నగా ఇంకో కిరణం గీయండి.
4. రెండూ కలిసిన చోట వస్తువు కొనకు ప్రతిబింబం ఉంటుంది.
5. సరిచూడటానికి ఇవతలి నాభి గుండా వెళ్లే మూడో కిరణం గీయండి. అది కటకం దాటాక అక్షానికి సమాంతరంగా సాగి అదే బిందువును చేరాలి.

కిరణాలు కటకం దాటాక విడిపోతుంటే వాటిని చుక్కల గీతలతో వెనక్కి పొడిగించండి. అవి కలిసేది మిథ్యా ప్రతిబింబం.

ఈ మూడు కిరణాలే బొమ్మను తయారు చేస్తాయని అనుకోకండి. గీయడానికి సులువైనవి కాబట్టి వీటిని ఎంచుకున్నాం. ఆ కొన నుంచి కటకం మీద ఎక్కడ పడ్డ కిరణమైనా అదే బిందువుకు చేరుతుంది. కటకంలో పై సగాన్ని నల్ల కాగితంతో మూసి చూడండి. బొమ్మ సగం తెగిపోతుందని చాలామంది చెబుతారు. బొమ్మ మొత్తం ఉంటుంది, వెలుగు మాత్రమే సగానికి తగ్గుతుంది.

## 8. లెక్క కట్టడం

సూత్రం ఇది: 1/నాభ్యాంతరం = 1/ప్రతిబింబ దూరం − 1/వస్తు దూరం. దూరాలన్నీ దృక్ కేంద్రం నుంచే. కాంతి ప్రయాణించే దిశలో కొలిస్తే ధనం, ఎదురు దిశలో కొలిస్తే రుణం.

వస్తు దూరం −20, ప్రతిబింబ దూరం +60 అయితే 1/60 + 1/20 = 4/60. నాభ్యాంతరం 15 సెంటీమీటర్లు. ఆవర్ధనం, అంటే బొమ్మ వస్తువుకు ఎన్ని రెట్లుందో, 60ని −20తో భాగిస్తే −3. రుణ గుర్తుకు తలకిందులని అర్థం.

గుర్తు మరిచిపోతే జవాబు −30 వస్తుంది. తెర మీద బొమ్మ పట్టిన కటకానికి రుణ నాభ్యాంతరం వస్తే తప్పు కటకానిది కాదు, గుర్తుది.

ఇంకా కచ్చితమైన విలువ కావాలంటే ఈ పద్ధతి మేలు. వస్తువునూ తెరనూ 80 సెంటీమీటర్ల ఎడంగా బిగించి కటకాన్ని మాత్రమే జరపండి. రెండు స్థానాల్లో స్పష్టమైన బొమ్మ పడుతుంది, ఒకసారి పెద్దది, ఒకసారి చిన్నది. మన కటకానికి అవి వస్తువు నుంచి 20, 60 దగ్గర వస్తాయి, మధ్య దూరం 40. 80 వర్గం 6400 నుంచి 40 వర్గం 1600 తీసేస్తే 4800. దాన్ని 80కి నాలుగు రెట్లయిన 320తో భాగిస్తే 15. కటకం మధ్య భాగం స్టాండు మీద ఎక్కడుందో కచ్చితంగా తెలియకపోయినా ఫలితం చెడదు. మనం కొలిచేది కటకం జరిగిన దూరాన్ని మాత్రమే కదా.

## 9. బొమ్మ బాగా రాకపోతే

అంచుల్లో రంగులు కనబడుతున్నాయి. గాజులో నీలం కాంతి ఎరుపు కంటే ఎక్కువ వంగుతుంది, కాబట్టి నీలం బొమ్మ కటకానికి కాస్త దగ్గరగా పడుతుంది. టార్చి ముందు ఒకే రంగు పారదర్శక కాగితం పెట్టి, అన్ని కొలతలూ ఆ రంగుతోనే తీయండి.

మధ్య స్పష్టంగా ఉంది, చుట్టూ మసక. కటకం అంచు దగ్గర పడ్డ కిరణాలు మరీ ఎక్కువ వంగి ముందే కలుస్తున్నాయి, తెర అంచుల వైపు ఏటవాలుగా వెళ్లే కిరణాలు కూడా ఒకే బిందువులో కలవడం లేదు. అట్టకు 1 సెంటీమీటరు రంధ్రం చేసి కటకానికి ఆనించి పెట్టండి. బొమ్మ పదునెక్కుతుంది, వెలుగు తగ్గుతుంది. అయితే కొలతలు తీసేటప్పుడు రంధ్రాన్ని మరీ చిన్నది చేయకండి. అప్పుడు తెరను చాలా దూరం జరిపినా బొమ్మ స్పష్టంగానే ఉంటుంది కాబట్టి, అసలు స్థానం ఎక్కడో చెప్పలేం.

ఒక వైపు స్పష్టంగా, ఇంకో వైపు మసకగా ఉంది. కటకమో తెరో మెలి తిరిగింది. ఐదో మెట్టుకు వెళ్లండి.

ఒక వైపు సమతలంగా ఉన్న కటకం వాడుతున్నారు. ఉబ్బెత్తు వైపును దూరపు వస్తువుకు ఎదురుగా తిప్పండి. వంపు పనిని రెండు తలాలూ పంచుకుంటాయి, మసక తగ్గుతుంది.

## 10. పుటాకార కటకం నాభ్యాంతరం కొలవాలంటే

పుటాకార కటకం ఒక్కటే ఉంటే నిజమైన వస్తువుకు తెర మీద బొమ్మ రాదు. నాభ్యాంతరం తెలిసిన కుంభాకార కటకంతో జత చేయాలి.

1. రెండు కటకాలనూ ఒకదానికొకటి ఆనేలా పెట్టి, టేపుతో అంచుల దగ్గర అంటించండి.
2. జతను ఒకే కటకంగా భావించి నాలుగో మెట్టు ప్రకారం నాభ్యాంతరం కనుక్కోండి.
3. మీటర్లలోకి మార్చి, 1ని దానితో భాగించండి. వచ్చేది కటకం సామర్థ్యం, అంటే కిరణాలను వంచే బలం. దీని ప్రమాణం డయాప్టరు.
4. జత సామర్థ్యం నుంచి కుంభాకార కటకం సామర్థ్యాన్ని తీసేయండి. మిగిలేది పుటాకార కటకం సామర్థ్యం.

కుంభాకార కటకం 15 సెంటీమీటర్లు, అంటే 6.67 డయాప్టర్లు. జత 30 సెంటీమీటర్ల దగ్గర బొమ్మ వేస్తే 3.33. తేడా −3.33, కాబట్టి పుటాకార కటకం నాభ్యాంతరం సుమారు −30 సెంటీమీటర్లు.

జతతో బొమ్మ అసలే పడకపోతే, పుటాకార కటకం బలం కుంభాకార కటకం బలానికి సమానంగానో అంతకు మించో ఉందన్నమాట. ఇంకా ఉబ్బెత్తుగా, నాభ్యాంతరం తక్కువగా ఉన్న కుంభాకార కటకం తీసుకుని ఈ భాగంలోని మొదటి మెట్టు నుంచి మళ్లీ చేయండి.